ఆరోగ్య రంగ ఇంటర్న్‌షిప్‌తో కాలేజీ క్రెడిట్లు: అమెరికాలో చదివేవారికి అంచెలంచెల మార్గదర్శి

ఆసుపత్రిలో చేరిపోయి, రెండు నెలలు బుద్ధిగా పనిచేసి, ఆ తర్వాత "దీనికి క్రెడిట్ ఇస్తారా?" అని డిపార్ట్‌మెంట్ తలుపు తడితే వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే: కుదరదు. చేసిన పని మంచిదే కావచ్చు, సూపర్‌వైజర్ మెచ్చుకుని ఉండొచ్చు. అయినా కుదరదు. ఎందుకంటే కాలేజీ క్రెడిట్ ఇచ్చేది పనికి కాదు, ఒక కోర్సుకు. ఆ కోర్సులో మీ పేరు, దానికో ఫ్యాకల్టీ, ముందే రాసుకున్న లక్ష్యాలు, చివర్లో గ్రేడు ఉండాలి. ఇవన్నీ మొదటి రోజు డ్యూటీకి ముందే కాగితం మీదికి రావాలి. కింద చెప్పిన వరుస అందుకే ముఖ్యం. అంచెలు తారుమారు చేస్తే మధ్యలో ఎక్కడో ఇరుక్కుంటారు.

వేసవిలో చేయాలనుకునేవారు జనవరికల్లా మొదలుపెట్టాలి. ఫాల్ సెమిస్టర్‌కైతే మార్చి, ఏప్రిల్. ఆరు నెలలు ఎక్కువ అనిపిస్తుంది గానీ, అందులో సగం ఎదురుచూపులకే పోతుంది.

ముందు గంటల లెక్క తేల్చుకోండి

ఫెడరల్ నిబంధన ప్రకారం సెమిస్టర్‌లో ఒక క్రెడిట్ అంటే సుమారు 15 వారాల పాటు వారానికి ఒక గంట క్లాసు, దానికి తోడు కనీసం రెండు గంటల సొంత చదువు. కలిపితే 45 గంటలు. ఇంటర్న్‌షిప్‌కు కూడా దీనికి సరిసమానమైన శ్రమ ఉండాలన్నది నియమం. అందుకే చాలా కాలేజీలు ఒక క్రెడిట్‌కు 40 నుంచి 50 గంటలు అడుగుతాయి. మీ డిపార్ట్‌మెంట్ అంకె ఎంతో కోర్సు సిలబస్‌లో ఉంటుంది, అదే ప్రమాణం.

45 చొప్పున 3 క్రెడిట్లకు 135 గంటలు. 15 వారాలతో భాగిస్తే వారానికి 9 గంటలు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. స్ప్రింగ్ బ్రేక్ ఒక వారం పోతుంది, ఆసుపత్రిలో ఓరియంటేషన్ తేదీ దొరకక మొదటి వారం పోతుంది. మిగిలిన 13 వారాలకు తొమ్మిది చొప్పున 117 గంటలే అవుతాయి, 18 గంటలు తక్కువ. కాబట్టి మొదటి నుంచే వారానికి పదిన్నర గంటలు వేసుకోండి. పది వారాల వేసవిలో అయితే వారానికి పదమూడున్నర, అంటే ఏడేసి గంటల రెండు రోజులు. అదే వేసవిలో 6 క్రెడిట్లు కావాలంటే 270 గంటలు, వారానికి 27. ఇంకో వేసవి కోర్సుతో కలిపి ఇది మోయడం కష్టం.

క్వార్టర్ పద్ధతి ఉన్న కాలేజీల్లో ఒక క్రెడిట్‌కు 30 గంటల దరిదాపుల్లో ఉంటుంది. క్వార్టర్ క్రెడిట్లను సెమిస్టర్ క్రెడిట్లుగా మార్చాలంటే మూడింట రెండు వంతులు తీసుకోవాలి. వేరే కాలేజీలో ఇంటర్న్‌షిప్ కోర్సు తీసుకుని క్రెడిట్లు ఇక్కడికి తెచ్చుకుందామనుకునేవారికి ఒక హెచ్చరిక: మామూలు కోర్సుల క్రెడిట్లు సులువుగా బదిలీ అవుతాయేమో గానీ, ఇంటర్న్‌షిప్ క్రెడిట్లను చాలా కాలేజీలు ఒప్పుకోవు. ఫీజు కట్టకముందే రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

ఏది ఇంటర్న్‌షిప్, ఏది కాదు

డాక్టర్ వెనకాల నిలబడి చూడటం షాడోయింగ్. దానికి క్రెడిట్ ఇవ్వరు. ఆసుపత్రి స్వాగత కౌంటర్లో వాలంటీర్‌గా కూర్చోవడం మంచి పనే, దానికీ సాధారణంగా ఇవ్వరు. నర్సింగ్, ఫిజికల్ థెరపీ వంటి ప్రోగ్రాముల్లో ఉండే క్లినికల్ రొటేషన్లు వేరే జాతి. వాటి గంటలు అక్రెడిటేషన్ సంస్థల, లైసెన్స్ బోర్డుల నియమాల కింద నడుస్తాయి. మీరు బయట వెతుక్కున్న ఇంటర్న్‌షిప్ వాటికి బదులు కాదు.

క్రెడిట్‌కు నిలిచేది, మీ చేతిలో ఒక బాధ్యత ఉండి, దాన్ని చూసే నిపుణుడొకరుండి, చివరికి చూపించదగ్గ ఫలితం వచ్చే పని. ఆసుపత్రి క్వాలిటీ విభాగం, కౌంటీ ఆరోగ్య శాఖ, ఫెడరల్ నిధులతో నడిచే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు, వృద్ధుల సంరక్షణ కేంద్రాలు, ఇన్సూరెన్స్ కంపెనీల కేర్ మేనేజ్‌మెంట్ బృందాలు, హెల్త్ ఐటీ సంస్థలు, పరిశోధన ల్యాబులు ఇలాంటివి ఇవ్వగలవు. పెద్ద పేరున్న ఆసుపత్రి కంటే చిన్న కౌంటీ ఆరోగ్య శాఖే అండర్‌గ్రాడ్ విద్యార్థికి మేలని మా అభిప్రాయం. అక్కడ సిబ్బంది తక్కువ, పని ఎక్కువ. కాబట్టి మీకు నిజమైన పని అందుతుంది.

కాలేజీ వైపు: ఎవరిని, ఏమని అడగాలి

ముందు అకడమిక్ అడ్వైజర్. ఒక్క ప్రశ్న సూటిగా వేయండి: "ఈ క్రెడిట్లు నా డిగ్రీలో ఏ గడిలో పడతాయి?" మేజర్ తప్పనిసరి, మేజర్ ఎలెక్టివ్, ఫ్రీ ఎలెక్టివ్, ఈ మూడింటికీ చాలా తేడా. ఫ్రీ ఎలెక్టివ్ గడి అప్పటికే నిండిపోతే మీరు సంపాదించిన మూడు క్రెడిట్లు ట్రాన్‌స్క్రిప్ట్‌లో కనిపిస్తాయి గానీ, గ్రాడ్యుయేషన్‌ను ఒక్క రోజు కూడా ముందుకు జరపవు. దానికి మాత్రం ట్యూషన్ కట్టి ఉంటారు.

తర్వాత ఫ్యాకల్టీ స్పాన్సర్. కొన్ని డిపార్ట్‌మెంట్లలో ఇంటర్న్‌షిప్ కోర్సుకు ఒక కోఆర్డినేటర్ ఉంటారు, పని తేలిక. లేకపోతే ప్రొఫెసర్‌ను మీరే ఒప్పించుకోవాలి. ఈ పనికి వారికి చాలాచోట్ల అదనంగా ఏమీ రాదని గుర్తుపెట్టుకుని అడగండి. ఖాళీ చేతులతో వెళ్లకండి. ఒక పేజీలో ఎక్కడ, ఎన్ని గంటలు, ఎవరి కింద, చివరికి ఏం రాసిస్తారు అన్నవి పెట్టుకుని వెళ్తే ఒప్పుకునే అవకాశం బాగా పెరుగుతుంది.

అడగాల్సినవి ఇంకొన్ని: కనీస జీపీఏ ఎంత, ఎన్ని క్రెడిట్లు పూర్తయి ఉండాలి, గ్రేడు అక్షరమా లేక పాస్-ఫెయిలా, జీతం వచ్చే ఇంటర్న్‌షిప్‌కు కూడా క్రెడిట్ ఇస్తారా, డిగ్రీ మొత్తంలో ఇలాంటి క్రెడిట్లకు పరిమితి ఎంత. జీతమూ క్రెడిటూ రెండూ తీసుకోవడం చాలా కాలేజీల్లో తప్పేమీ కాదు, కానీ కొన్ని డిపార్ట్‌మెంట్లు ఒప్పుకోవు.

చోటు వెతకడం

మీ కాలేజీ కెరీర్ సెంటర్ దగ్గర ఒక జాబితా ఉంటుంది. ఏయే సంస్థలతో కాలేజీకి ఇప్పటికే అఫిలియేషన్ అగ్రిమెంట్ (విద్యార్థులను పంపడానికి రెంటి మధ్య చట్టపరమైన ఒప్పందం) ఉందో చెప్పే జాబితా అది. వెతుకులాట అక్కడ మొదలుపెట్టండి. జాబితాలో ఉన్న సంస్థ అయితే రెండు నెలలు ఆదా.

బయట వెతికేటప్పుడు ఎక్కువమందికి తెలియని ఒక దారి ఉంది. అమెరికాలో పన్ను మినహాయింపు పొందే లాభాపేక్ష లేని ఆసుపత్రులు మూడేళ్లకోసారి స్థానిక ప్రజల ఆరోగ్య అవసరాల మీద సర్వే చేసి, నివేదికను తమ వెబ్‌సైట్‌లో అందరికీ అందుబాటులో పెట్టాలి. అఫర్డబుల్ కేర్ యాక్ట్ తెచ్చిన నిబంధన ఇది. కమ్యూనిటీ హెల్త్ నీడ్స్ అసెస్‌మెంట్ అని వెతికితే దొరుకుతుంది. అందులో ఆ ఆసుపత్రి ఏ సమస్యల మీద పనిచేస్తానని మాటిచ్చిందో ఉంటుంది: మధుమేహం, మానసిక ఆరోగ్యం, ప్రసూతి సంరక్షణ, ఏదైనా. ఆ పేజీ చదివి రాసిన ఈమెయిల్‌కూ, "ఆరోగ్య రంగంపై నాకు చాలా ఆసక్తి" అని మొదలయ్యే ఈమెయిల్‌కూ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా.

ఈమెయిల్ హెచ్‌ఆర్‌కు కాకుండా ఆ విభాగం మేనేజర్‌కు పంపండి. 120 పదాలు దాటొద్దు. సారాంశం ఇలా ఉండాలి:

"నేను పబ్లిక్ హెల్త్ మూడో సంవత్సరం విద్యార్థిని. మీ తాజా నివేదికలో మధుమేహ నివారణ మొదటి ప్రాధాన్యంగా చూశాను. జూన్ మొదటి వారం నుంచి పది వారాలు, వారానికి 14 గంటలు మీ బృందంతో పనిచేయగలను. మా కాలేజీ దీనికి 3 క్రెడిట్లు ఇస్తుంది. ఫ్యాకల్టీ స్పాన్సర్ సిద్ధంగా ఉన్నారు. ఎక్సెల్‌లో డేటా శుభ్రం చేయడం, సర్వే ప్రశ్నలు తయారుచేయడం వచ్చు. మీ వైపు కావాల్సింది వారానికి అరగంట సమయం ఇచ్చే సూపర్‌వైజర్, రెండు మూల్యాంకన పత్రాల మీద సంతకం. వచ్చే వారం పదిహేను నిమిషాలు మాట్లాడవచ్చా?"

చివర్లో "మీ వైపు కావాల్సింది" అన్న వాక్యమే పని చేస్తుంది. ఇంటర్న్ అంటే నెత్తిన భారం అని మేనేజర్లు భయపడతారు. ఆ భారం ఎంతో కొలిచి చెబితే భయం తగ్గుతుంది. జవాబు రాకపోతే వారం, పది రోజుల తర్వాత ఒకసారి గుర్తుచేయండి, ఆపైన వేరేచోటికి వెళ్లండి. కనీసం పదిహేను చోట్లకు రాయాలి.

డబ్బు తీసుకుని ఇంటర్న్‌షిప్‌లో "ప్లేస్" చేస్తామనే మధ్యవర్తులుంటారు. మీ కాలేజీ ముందుగా ఒప్పుకోని క్రెడిట్‌ను ఎవరూ కొనిపెట్టలేరు.

జీతం లేని పని లాభాపేక్ష గల సంస్థలో అయితే ఇంకో సంగతి. కార్మిక శాఖ 2018 జనవరి నుంచి "ప్రధాన లబ్ధిదారు ఎవరు" అనే పరీక్ష వాడుతోంది. ఏడు అంశాలు చూస్తారు. శిక్షణ చదువుతో ముడిపడి ఉందా, క్రెడిట్ వస్తోందా, కాలేజీ క్యాలెండర్‌కు తగ్గట్టుందా, జీతం తీసుకునే ఉద్యోగి పనిని ఇంటర్న్‌తో చేయించుకుంటున్నారా, ఇలాంటివి. క్రెడిట్ ఉందన్న ఒక్క కారణంతో సంస్థ జీతం ఎగ్గొట్టడానికి వీల్లేదు. ఇది ఏడింటిలో ఒక అంశం మాత్రమే.

అఫిలియేషన్ అగ్రిమెంట్: అసలు ఆలస్యం ఇక్కడే

ఆసుపత్రి "సరే" అన్నాక విద్యార్థి ఊపిరి పీల్చుకుంటాడు. అసలు నిరీక్షణ అప్పుడే మొదలవుతుంది. కాలేజీకి, ఆసుపత్రికి మధ్య చట్టపరమైన ఒప్పందం కుదరాలి. ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిది, ఇన్సూరెన్స్ ఎవరిది, విద్యార్థి రికార్డులు, రోగుల రికార్డులు ఎవరెలా కాపాడాలి అన్నవి అందులో ఉంటాయి. రెండు వైపులా లాయర్లు చూస్తారు. నష్టపరిహారం క్లాజ్ దగ్గర తరచూ ఆగిపోతుంది. ముఖ్యంగా ప్రభుత్వ యూనివర్సిటీలకు రాష్ట్ర చట్టాల వల్ల కొన్ని వాక్యాల మీద సంతకం చేసే అధికారమే ఉండదు. ఆరు వారాలు పట్టొచ్చు, మూడు నెలలూ పట్టొచ్చు.

మీరు చేయగలిగింది: ఒప్పందం ఉందో లేదో మొదటి ఫోన్‌లోనే అడగడం, లేకపోతే ఆసుపత్రిలో ఆ పని చూసే మనిషి పేరు, కాలేజీలో చూసే మనిషి పేరు తీసుకుని ఇద్దరినీ ఒకే ఈమెయిల్‌లో కలపడం, రెండు వారాలకోసారి "ఎంతవరకు వచ్చింది" అని మర్యాదగా అడగడం. ఆసుపత్రి నమూనా ఒప్పందం వాడతారా, కాలేజీదా అన్నది ముందే తేలితే ఒక నెల మిగులుతుంది. రెండో చోటు ఒకటి చేతిలో ఉంచుకోండి, అది ఇప్పటికే ఒప్పందం ఉన్న చోటైతే మరీ మంచిది.

విద్యార్థికి లయబిలిటీ ఇన్సూరెన్స్ కావాలంటారు. ఒక ఘటనకు 10 లక్షల డాలర్లు, మొత్తంగా 30 లక్షల డాలర్ల కవరేజీ అడగడం మామూలు. కాలేజీ గ్రూప్ పాలసీలో మీరున్నారేమో ముందు కనుక్కోండి. లేకపోతేనే సొంతంగా కొనాలి.

ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవారికి

ఇక్కడ చేసిన పొరపాటు క్రెడిట్‌తో ఆగదు, వీసా హోదాకే ఎసరు పెడుతుంది. క్యాంపస్ బయట చదువులో భాగంగా పనిచేయాలంటే సీపీటీ అనే అనుమతి కావాలి. దాన్ని ఇచ్చేది కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి (డీఎస్‌ఓ), వచ్చేది కొత్త ఐ-20 (విద్యార్థి హోదా పత్రం) మీద. సాధారణ నియమం ప్రకారం ముందుగా ఒక పూర్తి విద్యా సంవత్సరం చదివి ఉండాలి. చేరిన వెంటనే శిక్షణ తప్పనిసరి అని ప్రోగ్రామే చెప్పే గ్రాడ్యుయేట్ కోర్సులకు మాత్రం మినహాయింపు ఉంది.

సీపీటీలో సంస్థ పేరు, ప్రారంభ తేదీ, ముగింపు తేదీ రాసి ఉంటాయి. ఆ సంస్థకే, ఆ తేదీల మధ్యే చెల్లుతుంది. వెనక తేదీ వేసి ఇవ్వడం ఉండదు. "సోమవారం ఓరియంటేషనే కదా, బుధవారం ఐ-20 వస్తుంది" అనుకుని వెళితే ఆ రెండు రోజులూ అనుమతి లేని పనే. సీపీటీ పొడిగించుకునేటప్పుడు పాతదానికి, కొత్తదానికి మధ్య ఖాళీ వస్తే ఆ రోజుల్లో ఇంట్లో ఉండాలి, ఈమెయిల్‌కు జవాబు కూడా రాయకూడదు.

వారానికి 20 గంటలు, అంతకు తక్కువైతే పార్ట్‌టైమ్, మించితే ఫుల్‌టైమ్. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు చేశారంటే ఆ డిగ్రీ స్థాయిలో ఓపీటీ (చదివిన రంగంలో పనిచేసుకోవడానికి ఇచ్చే మరో అనుమతి) పోతుంది. ఆఫర్ లెటర్‌లో హోదా, సంస్థ చిరునామా, వారానికి గంటలు, తేదీలు, చేసే పని, సూపర్‌వైజర్ పేరు ఉండేలా అడిగి రాయించుకోండి. వీటిలో ఏది తగ్గినా డీఎస్‌ఓ వెనక్కి పంపుతారు. జీతం లేదు కాబట్టి సీపీటీ అక్కర్లేదని స్నేహితులు చెప్పే మాట నమ్మకండి. డీఎస్‌ఓ ఏమంటారో రాతలో తీసుకోండి. జీతం ఉంటే సోషల్ సెక్యూరిటీ నంబర్ కావాలి, దానికి పని మొదలయ్యే తేదీకి 30 రోజుల ముందు నుంచే దరఖాస్తు చేయగలరు.

లెర్నింగ్ అగ్రిమెంట్: లక్ష్యాలు ఎలా రాయాలి

మీరు, ఫ్యాకల్టీ, సైట్ సూపర్‌వైజర్ ముగ్గురూ సంతకం పెట్టే కాగితం ఇది. చివరికి గ్రేడు దీన్ని బట్టే వస్తుంది, మధ్యలో గొడవ వస్తే మిమ్మల్ని కాపాడేదీ ఇదే. నాలుగైదు లక్ష్యాలు చాలు.

బలహీనమైన లక్ష్యం: "ఆసుపత్రి ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం." దీన్ని సాధించారని ఎవరూ నిరూపించలేరు, సాధించలేదనీ నిరూపించలేరు.

పనికొచ్చే లక్ష్యం: "గుండె వైఫల్యంతో డిశ్చార్జి అయిన రోగులకు ఫాలో-అప్ ఫోన్ ఎప్పుడు వెళుతోందో ఎనిమిదో వారానికల్లా ప్రక్రియ చిత్రంగా గీసి, ఎక్కడ జాప్యం అవుతోందో మూడు చోట్లు గుర్తించి, క్వాలిటీ బృందానికి పది నిమిషాలు వివరించడం." ఇందులో పని ఉంది, గడువు ఉంది, చూపించే వస్తువు ఉంది. పైగా ఆసుపత్రికి ఈ విషయంలో నిజమైన అవసరం ఉంది. డిశ్చార్జి అయిన 30 రోజుల్లో తిరిగి చేరే రోగులు మరీ ఎక్కువైన ఆసుపత్రులకు మెడికేర్ (ప్రధానంగా వృద్ధులకు ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా) 2012 అక్టోబర్ నుంచి చెల్లింపుల్లో కోత పెడుతోంది, అది 3 శాతం దాకా పోవచ్చు. గుండె వైఫల్యం ఆ జాబితాలో ఉన్న జబ్బు. సూపర్‌వైజర్‌కు తలనొప్పిగా ఉన్న సంగతిని మీ లక్ష్యంగా చేసుకుంటే, వారే మీ వెంటపడి మరీ పూర్తి చేయిస్తారు.

ప్రతి లక్ష్యం పక్కన మీరు చదివిన ఒక కోర్సు పేరు రాయండి: బయోస్టాటిస్టిక్స్, హెల్త్ పాలసీ, ఎపిడెమియాలజీ, ఏదైతే అది. ఫ్యాకల్టీ సంతకం త్వరగా పడుతుంది.

ఇంకో చిన్న అడ్డగీత కూడా గీసుకోండి: "క్లరికల్ పని మొత్తం సమయంలో 20 శాతం మించదు" అని ఒక వాక్యం. సూపర్‌వైజర్ మధ్యలో ఉద్యోగం మానేస్తే ఎవరు చూస్తారో ఆ రెండో పేరు కూడా రాయించండి. ఆరోగ్య రంగంలో మనుషులు తరచూ మారతారు.

టీకాలు, పరీక్షలు, పత్రాలు

రోగులుండే చోట అడుగుపెట్టాలంటే ఈ ఫైలు పూర్తి కావాలి. కనీసం పది వారాల ముందు మొదలుపెట్టండి. వరుస తప్పితే ఎంత నష్టమో టీబీ పరీక్ష ఒక్కటి చూస్తే చాలు.

టీబీకి చర్మ పరీక్ష రెండు దశల్లో అడుగుతారు. సూది వేసిన 48 నుంచి 72 గంటల్లోపు చూపించాలి, ఒకటి నుంచి మూడు వారాల తర్వాత మళ్లీ వేయించుకుని మళ్లీ చూపించాలి. మొత్తం నాలుగు సార్లు క్లినిక్‌కు వెళ్లాలి. గురువారం వేయించుకుంటే చూపించాల్సిన గడువు శని, ఆదివారాల్లో పడుతుంది, క్లినిక్ మూసి ఉంటుంది, మొత్తం మొదటికొస్తుంది. చిన్నప్పుడు బీసీజీ టీకా వేయించుకున్నవారికి ఈ చర్మ పరీక్ష టీబీ లేకున్నా పాజిటివ్ చూపొచ్చు. భారత్‌లో పుట్టినవారిలో ఎక్కువమంది ఈ కోవలోకే వస్తారు. అలాంటివారికి అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ సూచించేది రక్త పరీక్ష, దాన్ని ఇగ్రా అంటారు. ఒకేసారి రక్తం ఇస్తే సరి. ఇంకో చిక్కు: ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా), చికెన్‌పాక్స్ వంటి సజీవ టీకాలు టీబీ పరీక్ష ఫలితాన్ని తారుమారు చేయగలవు. రెండూ ఒకే రోజు చేయించుకోండి. టీకా ముందే వేయించేసుకుంటే టీబీ పరీక్షకు 28 రోజులు ఆగాలి. చాలామంది ఫైలు ఆగేది సరిగ్గా ఈ నాలుగు వారాల దగ్గరే.

హెపటైటిస్-బి మూడు డోసుల టీకా సున్నా, ఒకటి, ఆరు నెలల్లో వేస్తారు. పెద్దలకు నాలుగు వారాల తేడాతో రెండే డోసులుండే హెప్లిసావ్-బి కూడా ఉంది. ఆలస్యంగా మొదలుపెట్టినవారు దాని గురించి అడగండి. రక్షణ వచ్చిందో లేదో చూసే యాంటీబాడీ పరీక్షలో 10 ఎంఐయూ/ఎంఎల్ లేదా అంతకు పైన రావాలి, ఆ పరీక్ష చివరి డోసు తర్వాత ఒకటి, రెండు నెలలకు చేయించాలి. ఎంఎంఆర్ రెండు డోసులు, చికెన్‌పాక్స్ రెండు డోసులు. రెంటికీ డోసుల మధ్య కనీసం నాలుగు వారాలు. పాత టీకా కార్డు దొరక్కపోతే ఇంట్లో వెతుకుతూ కూర్చోకుండా టైటర్ (రోగ నిరోధక రక్షణ ఉందో లేదో చూసే) రక్త పరీక్ష చేయించుకోండి, చాలాచోట్ల దాన్ని ఒప్పుకుంటారు. టీడ్యాప్ (ధనుర్వాతం, డిఫ్తీరియా, కోరింత దగ్గు టీకా) ఒకటి, సీజన్‌లో ఫ్లూ టీకా.

సీపీఆర్ సర్టిఫికెట్ అడిగితే అమెరికన్ హార్ట్ అసోసియేషన్ బీఎల్‌ఎస్ ప్రొవైడర్ కోర్సు తీసుకోండి. రెండేళ్లు చెల్లుతుంది. పూర్తిగా ఆన్‌లైన్‌లో, బొమ్మ మీద చేతులతో నొక్కకుండా ఇచ్చే సర్టిఫికెట్లను ఆసుపత్రులు తిప్పి కొడతాయి.

డ్రగ్ పరీక్షకు ముందు లీటర్ల కొద్దీ నీళ్లు తాగితే నమూనా పలచబడిందని మళ్లీ రమ్మంటారు. గంజాయి మీ రాష్ట్రంలో చట్టబద్ధమే కావచ్చు, ఆసుపత్రి విధానం దాన్ని లెక్కచేయకపోవచ్చు. నేర చరిత్ర తనిఖీలో పాత ట్రాఫిక్ కేసు ఏదైనా బయటపడుతుందనుకుంటే ముందే కోఆర్డినేటర్‌కు చెప్పండి. కేసు కంటే దాచడమే ఎక్కువ చేటు చేస్తుంది.

రిజిస్ట్రేషన్, ఫీజు

ఇంటర్న్‌షిప్ కోర్సు ఆన్‌లైన్‌లో మామూలుగా తెరుచుకోదు, డిపార్ట్‌మెంట్ పర్మిట్ ఇవ్వాలి. యాడ్-డ్రాప్ (కోర్సు చేర్చుకునే, వదులుకునే) గడువు సెమిస్టర్ మొదటి ఒకటి రెండు వారాల్లోనే ముగుస్తుంది. ఒక్కో క్రెడిట్‌కు ట్యూషన్ కట్టాల్సిందే, జీతం లేని పనికైనా సరే. క్రెడిట్‌కు 400 డాలర్లనుకుంటే 3 క్రెడిట్లకు 1,200, ఫీజులు అదనం. డిగ్రీకి ఆ మూడూ అవసరం లేకపోతే ఒక్క క్రెడిట్‌కే రిజిస్టర్ చేసుకోవచ్చేమో అడగండి. కొన్నిచోట్ల సున్నా క్రెడిట్ కోర్సు కూడా ఉంటుంది. ఫెడరల్ ఆర్థిక సాయం తీసుకునే అండర్‌గ్రాడ్‌లకు హాఫ్‌టైమ్ అంటే 6 క్రెడిట్లు. వేసవిలో 3 మాత్రమే తీసుకుంటే రుణం రాకపోవచ్చు.

పని మొదలయ్యాక: లాగ్, జర్నల్, గోప్యత

గంటల లాగ్‌లో తేదీ, వచ్చిన వేళ, వెళ్లిన వేళ, చేసిన పని, ఏ లక్ష్యం కింద అన్న ఐదు గళ్లు పెట్టుకోండి. ప్రతి శుక్రవారం సూపర్‌వైజర్‌తో సంతకం. సెమిస్టర్ చివర్లో ఒకేసారి పెట్టించుకుందామంటే ఎవరికీ గుర్తుండదు, ఫ్యాకల్టీకి అనుమానమూ వస్తుంది. ప్రయాణ సమయం, భోజన విరామం లెక్కలోకి రావు. ఇంటి దగ్గర చేసిన ఆన్‌లైన్ శిక్షణ వస్తుందో రాదో ముందే తేల్చుకోండి.

జర్నల్ విషయంలో జాగ్రత్త ఎక్కువ కావాలి. రోగుల సమాచార గోప్యతను కాపాడే 1996 నాటి హిపా చట్టం కింద వచ్చిన నిబంధనల్లో జీతం లేని ట్రైనీ కూడా ఆ సంస్థ సిబ్బందే. రోగిని గుర్తుపట్టించే 18 రకాల వివరాలు తీసేస్తేనే సమాచారం సురక్షితం. పేరు తీసేస్తే చాలనుకోవడం అందరూ చేసే పొరపాటు. ఈ వాక్యం చూడండి:

"జూన్ 14న నాలుగో అంతస్తులో 92 ఏళ్ల పెద్దావిడ, పక్క ఊరి మాజీ మేయర్ భార్య, తుంటి ఎముక విరిగి చేరింది."

పేరు లేదు. అయినా చేరిన తేదీ తప్పు (సంవత్సరం మాత్రమే రాయొచ్చు), 89 దాటిన వయసు తప్పు, ఊరు తప్పు, ఇక మేయర్ భార్య అంటే పేరు చెప్పినట్టే. క్లాసుకు రాయాల్సింది ఇలా: "తుంటి విరిగిన ఒక వృద్ధ రోగి డిశ్చార్జి ప్రణాళికలో ఫిజికల్ థెరపీ, సోషల్ వర్క్ విభాగాల మధ్య సమాచారం ఎలా జారిపోయిందో గమనించాను." మీ చదువుకు కావాల్సింది రెండో వాక్యంలోనే ఉంది. ఫోన్‌లో ఫోటోలు, వార్డు సెల్ఫీలు వద్దు; వెనక వైట్‌బోర్డు మీద రోగుల పేర్లుంటాయి. తెలిసినవారి రికార్డు తెరిచి చూడటం, మంచి ఉద్దేశంతోనైనా, అదే రోజు ఇంటికి పంపించే తప్పు. కంప్యూటర్ ఎవరు ఏది తెరిచారో రాసుకుంటూనే ఉంటుంది.

సూది గుచ్చుకుంటే సబ్బు, నీళ్లతో కడిగి, సూపర్‌వైజర్‌కు వెంటనే చెప్పండి. హెచ్‌ఐవీ నివారణ మందు వేసుకోవాల్సి వస్తే 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, గంటల్లోనే అయితే మరీ మంచిది. జీతం లేని ఇంటర్న్‌కు వర్కర్స్ కాంపెన్సేషన్ వర్తించకపోవచ్చు. ఆ బిల్లు ఎవరు కడతారో ఒప్పందంలో ముందే చూసుకోండి.

గాడి తప్పితే

135 గంటల ఇంటర్న్‌షిప్‌లో 65, 70 గంటల దగ్గర మధ్యంతర మూల్యాంకనం పెట్టించుకోండి. అప్పటికి ఫోటోకాపీలు, డేటా ఎంట్రీ తప్ప వేరే పని అందకపోతే ఫిర్యాదులా కాకుండా లెర్నింగ్ అగ్రిమెంట్ తీసి సూపర్‌వైజర్ ముందు పెట్టండి: "రెండో లక్ష్యం మీద ఇంకా మొదలుపెట్టలేదు, వచ్చే వారం ఎవరితో కూర్చోవచ్చు?" చాలాసార్లు ఇది చాలు. రెండు వారాల్లో మార్పు లేకపోతే ఫ్యాకల్టీకి రాయండి, చివరి వారం దాకా మింగుకుని కూర్చోకండి. అప్పుడు ఫ్యాకల్టీ కూడా ఏమీ చేయలేరు.

గంటలు తక్కువపడేలా ఉంటే ఇన్‌కంప్లీట్ గ్రేడు (మిగిలింది తర్వాత పూర్తి చేసే వీలు) అడగొచ్చు. కానీ ఒప్పందం, ఇన్సూరెన్స్, సీపీటీ మూడింటి తేదీలూ సెమిస్టర్ చివరి రోజుతో ముగిసిపోవచ్చు. ఇన్‌కంప్లీట్ వచ్చింది కదా అని మరుసటి వారం ఆసుపత్రికి వెళ్లాలంటే ముగిసినవాటిని పొడిగించాలి.

మీకు చేతకాని, శిక్షణ లేని పని చేయమంటే (రక్తం తీయడం, మందు ఇవ్వడం లాంటివి) ఆగిపోండి. "ఇది నా ఒప్పందంలో లేదు" అన్న ఒక్క మాట చాలు, వివరణ అక్కర్లేదు.

చివరి పేపర్, గ్రేడు

ఎనిమిది, పది పేజీల పేపర్, ఒక ప్రెజెంటేషన్ లేదా పోస్టర్, సైట్‌కు ఇచ్చిన పని నమూనా, ఇవి సాధారణంగా అడిగేవి. పేపర్లో దినచర్య కథ రాస్తే మార్కులు తగ్గుతాయి. ఒక సమస్య తీసుకుని, క్లాసులో చదివిన దానితో అది ఎక్కడ కలిసింది, ఎక్కడ కలవలేదు అన్నది రాయండి.

మీరు తయారుచేసిన డాష్‌బోర్డు, నివేదిక సాధారణంగా ఆసుపత్రి సొత్తు. పేపర్‌కు జతచేసే ముందు, మీ పోర్ట్‌ఫోలియోలో పెట్టుకునే ముందు రాతపూర్వక అనుమతి తీసుకోండి. బయటి సదస్సులో సమర్పించాలనో, ప్రచురించాలనో ఆలోచన ఉంటే ఐఆర్‌బీని (మనుషులపై పరిశోధనకు అనుమతిచ్చే కమిటీని) మొదటి వారంలోనే అడగాలి. డేటా సేకరించేశాక అనుమతి ఇవ్వరు.

సూపర్‌వైజర్ మూల్యాంకనం ఫారం గడువుకు రెండు వారాల ముందే పంపండి. గ్రేడు పడ్డాక ట్రాన్‌స్క్రిప్ట్ తెరిచి కోర్సు సంఖ్య, క్రెడిట్ల సంఖ్య, డిగ్రీ ఆడిట్‌లో (డిగ్రీకి ఏవి పూర్తయ్యాయో చూపే పట్టికలో) అది కూర్చున్న గడి చూసుకోండి. మేజర్ ఎలెక్టివ్‌లో పడాల్సింది ఫ్రీ ఎలెక్టివ్‌లో పడి ఉంటే అడ్వైజర్‌తో ఆ వారంలోనే సబ్‌స్టిట్యూషన్ ఫారం పెట్టించండి. సంతకం చేసిన లాగ్, లెర్నింగ్ అగ్రిమెంట్, మూల్యాంకన పత్రాల కాపీలు మీ దగ్గర ఉంచుకోండి. లైసెన్స్ బోర్డో, గ్రాడ్యుయేట్ స్కూలో మూడేళ్ల తర్వాత అడిగితే ఆ సూపర్‌వైజర్ అప్పటికి అక్కడ ఉండకపోవచ్చు.